తిరుపతిలో ర్యాప్, పంక్, వచనం కలిపి ఆల్బమ్: నా అనుభవం

మాస్టర్ ఫైళ్లు చేతికొచ్చాయి. స్టూడియో మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా. హిప్ హాప్ బీటు, పంక్ గిటారు, పాడకుండా చెప్పే వచనం, మూడూ కలిపి ఆల్బమ్ చేయాలనుకునేవాళ్లు బాలాజీ కాలనీలోనూ, యూనివర్సిటీ దారిలోనూ ఉన్నారు. కుదరదని చెప్పేవాళ్లు అంతకన్నా ఎక్కువున్నారు. బీస్టీ బాయ్స్ మొదట హార్డ్‌కోర్ పంక్ బ్యాండే, ర్యాప్‌లోకి తర్వాత వచ్చారు. కాబట్టి కుదరదనేవాళ్ల మాట పక్కన పెట్టండి.

వేగం లెక్క సులువు. ర్యాప్ 90 బీపీఎం (నిమిషానికి బీట్లు), పంక్ 180. క్లిక్ (తాళం చెప్పే టిక్‌టిక్) ఒక్కటే, స్నేర్ డ్రమ్ము దెబ్బ పడే చోటు మారితే చాలు, ఒక్క బార్‌లో (నాలుగు బీట్లు) ఇటు నుంచి అటు దూకొచ్చు. వచనాన్ని మాత్రం క్లిక్‌కు కట్టేయొద్దు. మొదటి మాట, చివరి మాట బీటు మీద పడితే మధ్యలో ఎంత జారినా చెవి ఒప్పుకుంటుంది.

తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అంత్యప్రాస మనకు ఊరికే దొరుకుతుంది, అంతే ఊరికే విసుగు పుట్టిస్తుంది. పదహారు బార్లు ‘లేదురా, కాదురా’ అని లాగొద్దు. పద్యంలోలా రెండో అక్షరం కలపండి, దెబ్బ స్నేర్ కంటే ముందే తగులుతుంది. బడిలో ఛందస్సు క్లాసు ఎగ్గొట్టినవాళ్లు ఆ బాకీ ఇక్కడ తీర్చుకోవాల్సిందే.

గిటారు ఇంట్లోనే తీయొచ్చు. ఇంటర్‌ఫేస్‌లో (గిటారును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కు నేరుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, బఫర్ 128 శాంపిల్స్. ఆంప్ శబ్దం ప్లగిన్‌తో (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో కలిపే ఎఫెక్ట్) వస్తుంది, క్లీన్ ట్రాకు విడిగా దాచుకోండి. అద్దె ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది, డిస్టార్షన్ (గిటారును గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టగానే 50 హెర్ట్జ్ హమ్, దాని రెట్లతో సహా పొంగుతుంది. హమ్‌ను అణిచే హంబకర్ పికప్ వాడండి, చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమనే మహానుభావుల మాట వినొద్దు, తీగలు పట్టుకునేది మీ చేతులే. కుడికొకటి, ఎడమకొకటి అని రెండుసార్లు వాయించాలి. ఒకే టేకును కాపీ చేసి కాస్త జరిపితే, ఫోన్ మోనోలో (కుడి ఎడమలు ఒకటిగా కలిసినప్పుడు) గిటారు పలచబడిపోతుంది.

ఇక స్టూడియో. ఈ ఊళ్లో స్టూడియోలకు బతుకుదెరువు భక్తి పాటలు, అందులో తప్పేం లేదు. కానీ చేయి ఆ పనికే అలవాటు పడిపోయింది. నేను వెళ్లిన చోట ఇంజనీరు వచనం ట్రాకు మొత్తం విని, ‘మాటలు బాగుండాయి సామీ, పాట యాడ మొదలైతాది?’ అన్నాడు. కీబోర్డు ఆయన, తబలా ఆయన, టీ తెచ్చిన పిల్లోడు కూడా నవ్వారు. సరే. ఆ తర్వాత అడక్కుండానే పిచ్ కరెక్షన్ (శ్రుతి సరిచేసే ప్లగిన్) వేశాడు. మాట్లాడే గొంతుకు స్వరస్థానం ఎక్కడుంటుంది? ప్లగిన్ ప్రతి అక్షరాన్నీ దగ్గర్లో ఉన్న స్వరానికి లాగి నన్ను రోబోను చేసింది. దాని మీద గుడి మండపమంత రివర్బ్ (ప్రతిధ్వని), దాని తోక రెండు సెకన్లకు పైనే.

అసలు నష్టం ఈ తోకతోనే. ‘డ’కూ ‘డ్డ’కూ తేడా తెలిసేది నాలుక అంటుకుని గాలి ఆగే ఆ సందు ఎంతసేపుందనే దాన్నిబట్టి. రివర్బ్ ఆ సందును నింపేస్తుంది. నేను ‘గుడ్డి దీపం’ అంటే స్పీకర్లో ‘గుడి దీపం’ వచ్చింది. ఇంజనీరుకు అదే నచ్చింది! తీసేయమంటే ‘ఎండిపోయినట్టుంటాది, జనం వినరు’ అని వాదన. ఆ వాదనంతా గంటల లెక్కలో నా ఖాతాకే. అందుకే బేరం గంటకు కాదు, పాటకు మాట్లాడుకోండి.

చివరికి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ మార్పించా. మైకు నోటికి 15 సెంటీమీటర్ల దూరం, కాస్త పక్కకు తిప్పి, మధ్యలో పాప్ ఫిల్టర్. 90 హెర్ట్జ్ కింద కోత. కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను సమం చేసేది) 3:1, అటాక్ (అది పట్టుకునే ముందు ఆగే సమయం) 10 నుంచి 15 మిల్లీసెకన్లు. ఇంకా తగ్గిస్తే క, ట, పల మొన విరిగిపోతుంది. స, శ, షలకు 6–8 కిలోహెర్ట్జ్ దగ్గర డీఎస్సర్ (బుసను తగ్గించేది). రివర్బ్ కావాలంటే 0.4 సెకన్ల చిన్న గది, 20 మిల్లీసెకన్ల ప్రీడిలే (మాటకూ ప్రతిధ్వనికీ మధ్య ఖాళీ), విడి ట్రాకులో (సెండ్), వినీ వినపడనట్టు.

తర్వాత గిటార్లతో పోట్లాట. డిస్టార్షన్ కరుకుదనం, హల్లుల స్పష్టత రెండూ 2–4 కిలోహెర్ట్జ్ మధ్యే కూర్చుంటాయి. ఒకటి పెంచితే రెండోది పెంచాలనిపిస్తుంది, ఆఖరికి రెండూ పోతాయి. గిటార్లను పూర్తిగా అంచులకు పంపి నడుమ ఖాళీ చేయాలి. గిటార్లన్నీ కలిసే ట్రాకు (బస్) మీద డైనమిక్ ఈక్యూ పెట్టి, అది గొంతు విని పనిచేసేలా సైడ్‌చైన్ ఇస్తే, మాట వచ్చినప్పుడే ఆ భాగం 3 డీబీ దాకా తగ్గి, మాట ఆగగానే లేస్తుంది. ఇది చూపించాక ఇంజనీరు ‘ఇదేదో బాగుందే’ అని అప్పటికప్పుడు ఇంకో ప్రాజెక్టులో నాదస్వరం మీద వాడుకున్నాడు. ఫీజు నేనడగాల్సింది.

డ్రాప్ డి ట్యూనింగ్‌లో (అడుగు తీగను డి స్వరానికి దించడం) బేస్ గిటారు అడుగు తీగ 37 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 808ను (ర్యాప్‌లో వాడే డ్రమ్ మెషీన్ లోతు బేస్) అదే స్వరానికి శ్రుతి చేస్తే రెండూ కలిసి బురద. ర్యాప్‌లో 808, పంక్‌లో బేస్, అంతే. 808కు కొంచెం శాచురేషన్ (కాస్త గరుకుదనం) ఇస్తేనే ఫోన్ స్పీకర్లో దాని ఆనవాలు తెలుస్తుంది.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే అయిపోతుంది. ఫారం 14, సాహిత్యానికి 500, సౌండ్ రికార్డింగుకు 2,000 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. ఇక్కడివాళ్లకు అన్నమయ్య కీర్తన ఒకటి శాంపిల్ చేయాలని (రికార్డింగు ముక్క తీసి వాడుకోవాలని) చేయి పీకుతుంది. పదం, అంటే సాహిత్యం, 15వ శతాబ్దిది, దానికి అడ్డు లేదు. బాణీ అలా కాదు. చాలా కీర్తనలకు బాణీ కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు పోయింది 1979లో, మన చట్టంలో కర్త పోయాక 60 ఏళ్ల దాకా హక్కుంటుంది. రికార్డింగు హక్కు మళ్లీ వేరు. పదం తీసుకుని మీ గొంతుతో చదువుకోండి, గొడవుండదు.

స్పాటిఫై మామూలుగా −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దగ్గరకు తెచ్చి వినిపిస్తుంది. −8కి నలిపిన మాస్టర్‌ను 6 డీబీ తగ్గిస్తుంది, నలిగిన డ్రమ్ములు మాత్రం తిరిగి లేవవు. కవర్ బొమ్మ 3000×3000 పిక్సెళ్లు, బూతున్న ట్రాకుకు ఎక్స్‌ప్లిసిట్ గుర్తు, ప్లేలిస్టులకు పంపడం విడుదలకు కనీసం 7 రోజుల ముందు.

స్టూడియోకు చివరి డబ్బులిచ్చే ముందు మిక్స్ ఒక్కటే కాదు, స్టెమ్స్ కూడా అడగండి. గొంతు, గిటార్లు, డ్రమ్ములు, 808 విడివిడిగా, అన్నీ సున్నా దగ్గరే మొదలయ్యేలా, 24 బిట్ వేవ్ ఫైళ్లు, గొంతు మీద రివర్బ్ లేకుండా. పెన్‌డ్రైవ్ అక్కడే తెరిచి వినండి. నాకిచ్చిన మొదటి పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎవరిదో అయ్యప్ప పాట.