కంఠతా వచ్చిన నా కథ

డిప్రెషన్ అని డాక్టరు చెప్పేనాటికి నాకు తిండి, నిద్ర రెండూ పోయాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. లేచి స్నానం చేయాలన్నా టెన్షనే. ఎస్కిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు వాడాక కొన్ని వారాలకు నిద్ర కుదిరింది, ఆకలి తెలిసింది. దిగులు మాత్రం పోలేదు. సైకియాట్రిస్టే నన్ను సైకోఎనాలిసిస్ పద్ధతిలో, అంటే మనకే తెలియకుండా మనసులో దాగిన సంగతులను మాటల్లో వెతికే పద్ధతిలో పనిచేసే ఒక థెరపిస్టు దగ్గరికి పంపారు.

ఆవిడకు చెప్పిన కథ ఇదీ. నేను పదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. నేను ఏడవలేదు. తమ్ముణ్ణీ చెల్లినీ నేనే చూసుకున్నాను. నన్ను పట్టించుకున్నవాళ్లు ఎవరూ లేరు. చుట్టాలకీ, మా ఆయనకీ, ఆఫీసులో స్నేహితులకీ ఏళ్లుగా చెబుతున్నదే. కొన్ని నెలలయ్యాక ఆవిడ అన్నారు: "మీరు ఎప్పుడు చెప్పినా ఇవే మాటలు, ఇదే వరుస. ఎక్కడా ఆగి గుర్తు చేసుకోరు." నాకు ఒళ్లు మండింది. జరిగింది చెబితే అదీ తప్పేనా అన్నాను.

"ఆ రోజు మీకు అన్నం ఎవరు పెట్టారు?"

తెలియదు. ఆ వారం ఎక్కడ పడుకున్నానో కూడా తెలియదు. ఇన్నేళ్లు ఆ రోజు గురించే మాట్లాడిన నాకు ఆ రోజే గుర్తు లేదు.

డిప్రెషన్‌లో ఇలా జరుగుతుందని తర్వాత చదివాను. ఆత్మహత్యాయత్నం చేసి బయటపడ్డవాళ్లతో సైకాలజిస్టు మార్క్ విలియమ్స్ చేసిన పరిశోధన 1986లో వచ్చింది. ఫలానా రోజు జరిగిన ఒక్క సంగతి చెప్పమంటే, వాళ్లలో చాలామంది 'ఎప్పుడూ ఇంతే' అన్న ధోరణిలోనే చెప్పారట. నేనూ అంతే.

మరిచిపోయినదాన్ని మనిషి గుర్తు చేసుకోడు, తెలియకుండానే మళ్లీ చేస్తాడు, అదీ వైద్యుడి ముందే అని సైకోఎనాలిసిస్‌ను మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1914లో ఒక వ్యాసంలో రాశాడు. ఒకరోజు థెరపిస్టు దగ్గుతుంటే నేను లేచి నిలబడ్డాను. "ఇవాళ వద్దులెండి, మీరు కాసేపు పడుకోండి" అన్నాను. "ఇక్కడ కూడా మీరే నన్ను చూసుకుంటున్నారు" అన్నారావిడ. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆ తర్వాతే పెద్దమ్మ గుర్తొచ్చింది. నాకు జ్వరం. పెద్దమ్మ పక్కన కూర్చుని చారన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఇది నాకు ఎప్పుడూ తెలిసిన సంగతే, తలచుకోలేదంతే. పేషెంట్లు సరిగ్గా ఈ మాటే అంటారని ఆ 1914 వ్యాసంలోనే ఉంది. ఒంటరిగా నిలబడిన పెద్దకూతురి కథలో పెద్దమ్మకు చోటు లేదు. ఆమెను రానిస్తే, నేనూ అమ్మ పోయిన చిన్నపిల్లనేనని ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు.

చెల్లిని అడిగితే, ఆ జ్వరం అమ్మ పోయిన వారం కాదు, తర్వాత దసరా సెలవుల్లో అంది. కావచ్చు. ఒక జ్ఞాపకం ఇంకోదాన్ని కప్పేయగలదని ఫ్రాయిడ్ 1899లోనే రాశాడు. అందుకే పెద్దమ్మ చేతి ముద్దను కూడా సాక్ష్యంగా పట్టుకోను. 'నన్ను అందరూ బాగా చూసుకున్నారు' అని కొత్త కథ కట్టేస్తే, అది కూడా ఇంకెన్నో సంగతులను బయటే ఆపేస్తుంది.

మందు డోసు మెల్లగా తగ్గిస్తూ సైకియాట్రిస్టు ఆపేశారు. సెషన్లకు ఇంకా వెళ్తున్నాను. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల గురించి ఇంకా మొదలుపెట్టనే లేదు.