ఎం-1 కాల్క్యులస్: బొమ్మ గీశాకే లిమిట్స్ దొరికాయి

మాది గుంటూరు. ఇంటర్ ఎంపీసీ అయ్యాక జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోని ఒక కాలేజీలో ఈసీఈలో చేరాను. మాది ఆర్20, అంటే 2020లో వచ్చిన సిలబస్. మొదటి సెమిస్టర్ మ్యాథమెటిక్స్-1 అంటే మొత్తం కాల్క్యులసే. అందరం ఎం-1 అనేవాళ్లం.

డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్ ఇంటర్‌లోనే అయిపోయాయి కదా, ఇంక కొత్తగా ఏముంటుంది అని చేరిన కొత్తలో ఎవరిని అడిగినా అంటారు. కానీ రెండిటికీ చాలా తేడా ఉంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్సే. సూత్రం గుర్తుండాలి, చెయ్యి ఆడాలి, కుదరకపోతే ఆప్షన్లు వేసి చూసి ఒకటి ఎంచుకోవాలి. మా ఆర్20 ఎం-1లో మూడు గంటలకు ఐదు ప్రశ్నలు ఉండేవి. యూనిట్‌కు ఒకటి, ఒక్కోదానికి 14 మార్కులు. ఆప్షన్లు ఉండవు. ఏ స్టెప్ ఎందుకు వచ్చిందో పేపర్ మీద కనపడాలి. ఇంటర్ కాలేజీల్లో రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లల చేత షార్ట్‌కట్‌లు చేయించి, సరిగ్గా ఒక గ్రాఫ్ కూడా గీయించకుండా ఇక్కడికి పంపుతున్నారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మొదటి యూనిట్‌లో మీన్ వాల్యూ సిద్ధాంతాలు. మా సర్ బోర్డు మీద ఏమీ రాయకుండా బస్సుతో మొదలుపెట్టారు. గుంటూరు నుంచి విజయవాడ సుమారు 35 కిలోమీటర్లు. బస్సు 50 నిమిషాల్లో వెళ్లిందనుకుంటే సగటు వేగం గంటకు 42. కాజ టోల్‌గేట్ దగ్గర ఆగనీ, మంగళగిరి దాటాక దూసుకుపోనీ, దారిలో ఏదో ఒక క్షణాన స్పీడోమీటర్ ముల్లు సరిగ్గా 42 మీద ఉండి తీరాలి. లగ్రాంజ్ సిద్ధాంతం చెప్పేది అంతే. అలా విన్నాక దాన్ని బట్టీ పట్టాల్సిన పని నాకు రాలేదు.

రోల్ సిద్ధాంతం దగ్గర మాత్రం షరతుల మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. గీత రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండి, మధ్యలో ఎక్కడా తెగకుండా, మొన లేకుండా ఉంటే ఎక్కడో ఒకచోట టాంజెంట్ అడ్డంగా ఉంటుందని అది చెబుతుంది. మాడ్ ఎక్స్‌ను మైనస్ 1 నుంచి 1 వరకు గీస్తే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉంటాయి, గీత ఎక్కడా తెగదు. అయినా అడ్డంగా ఉండే టాంజెంట్ ఒక్కటీ దొరకదు, ఎందుకంటే సున్నా దగ్గర మొన ఉంది, అక్కడ డెరివేటివ్ లేదు. ఒక్క షరతు తప్పితే సిద్ధాంతమే నిలవదని అప్పుడు అర్థమైంది. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త రోల్ దీన్ని పాలినామియల్స్‌కు నిరూపించింది 1691లో. ఆ రోజుల్లో కాల్క్యులస్ పునాదులు గట్టిగా లేవని వాదించినవాళ్లలో ఆయనా ఒకరు. నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

డిఫరెన్షియల్ ఈక్వేషన్ల రెండు యూనిట్లు ఇంటర్ అలవాటుతోనే నడిచిపోయాయి. పార్షియల్ డెరివేటివ్‌లకు కావాల్సింది ఓపిక ఒక్కటే.

అసలు టెన్షన్ అంతా ఐదో యూనిట్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్. ఆర్డర్ మార్చమంటే, అంటే ఎక్స్, వైలలో ముందు దేనితో ఇంటిగ్రేట్ చేయాలో తిరగేయమంటే, కొత్త లిమిట్స్ ఎక్కడి నుంచి తేవాలో తెలియక మా బ్యాచ్‌లో చాలామంది ఆ యూనిట్‌నే వదిలేద్దామనుకున్నారు. ఎక్స్‌టర్నల్‌లో, అంటే సెమిస్టర్ చివరి పరీక్షలో, 70కి 25 వస్తే చాలు కదా అని లెక్క. నాకు మనసొప్పలేదు. గుంటూరు బ్రాడీపేటలో మా పక్క రూమ్‌లో ఉండే సీనియర్ అన్న దగ్గరికి నోట్స్ పట్టుకుని వెళ్లాను. "ఆ ఇంటిగ్రల్ గుర్తు సంగతి తర్వాత చూద్దాం, ముందు బొమ్మ గియ్యరా" అన్నాడు.

లెక్క ఇది: ఎక్స్ 0 నుంచి 1 వరకు, వై ఎక్స్ స్క్వేర్ నుంచి 2 మైనస్ ఎక్స్ వరకు, లోపల ఎక్స్‌వై. కింద పారాబొలా, పైన వాలు గీత, రెండూ (1, 1) దగ్గర కలుస్తాయి. ఎడమ పక్క వై-యాక్సిస్. ఇచ్చిన ఆర్డర్‌లో అయితే నిలువు పట్టీలు, ఒక్క ఇంటిగ్రల్‌తో సరిపోతుంది. ఆర్డర్ మారిస్తే పట్టీలు అడ్డంగా వస్తాయి. వై 1 లోపు ఉంటే పట్టీ కుడి కొస పారాబొలాను తాకుతుంది, ఎక్స్ 0 నుంచి రూట్ వై వరకు వెళ్తుంది. వై 1 దాటి 2 వరకు అయితే ఆ కొస వాలు గీతను తాకుతుంది, ఎక్స్ 0 నుంచి 2 మైనస్ వై వరకు వెళ్తుంది. ఇంటిగ్రల్ రెండు ముక్కలు ఎందుకవుతుందో బొమ్మే చెప్పేసింది. మొదటి ముక్క 1/6, రెండోది 5/24, మొత్తం 3/8. ఆర్డర్ మార్చకుండా చేసినా అదే 3/8 వచ్చింది. ఆ రాత్రి ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

పోలార్‌లో, అంటే బిందువును దూరం, కోణాలతో చెప్పే పద్ధతిలో, డీఆర్ డీతీటా ముందు ఒక ఆర్ ఎందుకు వస్తుందో కూడా అలాగే బొమ్మతో తేలింది. సెంటర్ నుంచి దూరం జరిగేకొద్దీ అదే కోణానికి ముక్క వెడల్పు పెరుగుతుంది. ఆ వెడల్పే ఆర్ డీతీటా. మామూలుగా ఇంటిగ్రేట్ చేద్దామంటే లొంగని e పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్, ఆ ఒక్క ఆర్ సాయంతో సున్నా నుంచి అనంతం వరకు రూట్ పైలో సగం అని తేలుతుంది. ఎం-1 మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన లెక్క అదే.

ఎక్స్‌టర్నల్‌లో ఐదో యూనిట్ ప్రశ్నే ముందు రాశాను. పావు పేజీ బొమ్మకే ఇచ్చి, పట్టీని పెన్సిల్‌తో గీసి, లిమిట్స్ దాని పక్కనే రాశాను. పేపర్ బాగానే గట్టెక్కింది. తర్వాత ఎం-3 వెక్టర్ కాల్క్యులస్‌లో గ్రీన్స్ సిద్ధాంతం చేశాం, మూసిన గీత వెంట చేసే ఇంటిగ్రల్‌ను లోపలి భాగం మీద డబుల్ ఇంటిగ్రల్‌గా మార్చేది అది. అందులోనూ ముందు చేసిన పని పారాబొలా, గీత వేసి మధ్యలో ఉన్న భాగాన్ని గుర్తుపట్టడమే. జూనియర్లు రూమ్‌కి వస్తే ముందు వాళ్ల చేతికి పెన్సిల్, స్కేలు ఇస్తున్నాను.