భట్టిప్రోలులో ఒక తలకట్టు

రేపల్లె పాసింజరు మమ్మల్ని భట్టిప్రోలులో దింపేసరికి ఎండ నెత్తికెక్కింది. తెనాలి నుంచి ఇంత దూరం పది రూపాయల్లో తెచ్చింది రైలు. స్టేషను బయట ఆటో అతను ఊళ్ళోకి నూటయాభై అన్నాడు. బేరమాడే ఓపిక లేదు, ఎక్కాం.

"స్తూపం దగ్గరికి పోనీ" అన్నాను. అర్థం కాలేదు. "బౌద్ధస్తూపం, తవ్వకాలు జరిగిన దిబ్బ" అన్నాక మా ఆవిడ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "లంజదిబ్బా సార్?" అన్నాడు. అదే. మన వైపు పాత బౌద్ధ దిబ్బలకి చాలాచోట్ల ఆ పేరే. మా ఆవిడ దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

తీరా దిగి చూస్తే కంచె, గడ్డి, మధ్యలో ఇటుకల గుట్ట. అంతే. 1892లో పురావస్తు శాఖ అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు మూడు రాతి భరిణెలూ, వాటిలో స్ఫటికపు భరిణెలూ, బుద్ధుడివని చెప్పే ధాతువులూ, అంటే ఎముకల అవశేషాలూ, దొరికింది ఇక్కడే. భరిణెలు మద్రాసు మ్యూజియానికి పోయాయి. ధాతువు 1920లో కలకత్తా కాలేజీ స్క్వేర్ విహారానికి చేరింది. తవ్వకాలకి ముందే పాలరాళ్ళని వెల్లటూరు లాకులు కట్టడానికి పట్టుకుపోయారు. ఇవన్నీ తెలిసే వచ్చాను, అయినా ఒళ్ళు మండింది. ఆ సంగతి ఆటో అతనికి చెబితే, "అయితే వెల్లటూరు పోదామా? ఇంకో వంద ఇవ్వండి" అన్నాడు.

వేపచెట్టు కింద కూచుని ఫోన్లోనే చూశాను, భరిణె మూత మీద రాతల ఫొటో. కుబిరక రాజు పేరుంది. 'మజూస' అని ఉంది, మన మంజూషే. భాష ప్రాకృతం. కాదు, తెలుగేనని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు తిప్పుతూనే ఉంటారు. నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది భాష కాదు, ఒక గీత. అశోకుడి శాసనాల బ్రాహ్మి లిపిలో 'క' రాస్తే చాలు, 'అ' అందులోనే ఉంటుంది. ఇక్కడి రాతగాడికి అది చాల్లేదు. అక్షరం నెత్తిన పక్కకి ఓ చిన్న గీత పెడితేనే దానికి 'అ' పలుకుతుంది, పెట్టకపోతే వట్టి హల్లే. దీర్ఘం కావాలంటే ఆ గీతకి ఇంకో గీత తగిలిస్తాడు.

ఒకటో తరగతిలో మా పంతులుగారు పలక మీద నేను రాసిన 'క' చూసి, "తలకట్టేదిరా వెధవా?" అని స్కేలుతో వేళ్ళ మీద ఒకటిచ్చేవారు. ఆ గీతకీ మన తలకట్టుకీ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చుకోనీ, నా వేళ్ళు మాత్రం చురుక్కుమన్నాయి.

మా ఆవిడ కంచె పక్క నుంచి పిలిచింది. "ఇంకా ఎంతసేపు? ఇటుకలేగా!"

వెల్లటూరు పోలేదు. తిరుగు రైలు గంట లేటు. ప్లాట్‌ఫారం మీద పల్లీలు తింటూ ఊరి పేరు బోర్డుకేసి చూస్తూ కూచున్నాను. భట్టిప్రోలు. నాలుగక్షరాల్లో ఒక్క 'భ'కే తలకట్టు.