లంకమల కింది మెట్టనేల, దాని వంకలు

సిద్ధవటం దాటి బద్వేలు వైపు పోతుంటే అందరి చూపూ లంకమల పైకే పోతుంది, అక్కడ ఎర్రచందనం ఉంది కాబట్టి. అటవీ శాఖ అనుమతి తీసుకుని మేము వెళ్లింది మాత్రం కొండ కిందికి. కలివి, రేగు, బలుసు పొదలు, వాటి మధ్య గులకరాళ్ల ఖాళీ నేల. బీడు అని తీసిపారేసే ఈ నేల కలివికోడి ఇల్లు.

1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. 1986లో ఈ కొండల కిందే మళ్లీ దొరికింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ మార్గాన్ని కూడా ఈ పిట్ట కోసమే పక్కకు జరిపారు.

ఇది రాత్రిపూట తిరుగుతుంది, ఎగరడం కన్నా పరుగే ఎక్కువ. అందుకే పొదల ఎడం ముఖ్యం. పరిశోధకుల లెక్కలో రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, పొట్టివి వెయ్యి లోపు ఉన్నచోట అది కనబడే అవకాశం ఎక్కువ. పొదలు ఈ లెక్కలో ఉన్నాయో లేదో చూడటానికి సులువైన పద్ధతి ఉంది: 20 మీటర్ల చదరపు గడి కొలిచి తాడు కట్టండి. అందులో పెద్ద పొదలు 12 నుంచి 28, చిన్నవి 40 లోపు ఉండాలి. వంకకు దూరంగా కట్టిన గడి ఈ లెక్కకు సరిపోయింది. వంక పక్క గడిలో చిన్న పొదలే నలభై దాటాయి, చాలావరకు సర్కారు తుమ్మ.

దీన్ని నేలమట్టానికి నరికితే లాభం లేదు, మొదట్లోంచి గుత్తులుగా చిగురిస్తుంది. మెట్ట మీదైతే వాన పడి నేల మెత్తబడ్డాక, ఓ అడుగు లోతు వరకు మొదలు తవ్వి తీయాలి. కాయలు ముదరక ముందే ఆ పని కావాలి. పశువులు కాయలు తిని పేడతో విత్తనాలు దూరదూరాలకు చేరవేస్తాయి మరి. వంక గట్టు మీద మాత్రం తవ్వకూడదు. వేళ్లు పోతే మొదటి వరదకే గట్టు కోసుకుపోతుంది. అక్కడ ముందు కానుగ పెట్టి, అది నిలదొక్కుకునేదాకా తుమ్మను కొడుతూ పోవాలి.

మాకు బాగా బాధ అనిపించింది ఒకచోట తవ్విన కందకాలు చూసి. నీరు ఇంకాలని సదుద్దేశంతోనే తవ్వారు. కానీ కట్ట మట్టి మీద గడ్డీ పొదలూ దట్టంగా లేచి, పిట్ట పరుగెత్తే ఖాళీ నేల మూసుకుపోయింది. మొక్కలు నాటినా ఇదే జరుగుతుంది. మేత పూర్తిగా ఆపినా అంతే, మితిమీరినా చెరుపే. నీటి పనులు చేయాలంటే పొదల మైదానాన్ని వదిలి, పైన కొండ వాలులోని చిన్న పాయల్లో మోకాలెత్తు రాతికట్టలు వేయడం మేలు. నడుమ కాస్త పల్లంగా ఉంచాలి, లేకపోతే నీరు పక్కగట్టును కోస్తుంది.

సాయంత్రం పొదల మధ్య జల్లెడ పట్టిన మట్టిని పట్టీలుగా పలచగా పరిచాం, అడుగుజాడల కోసం. గాలి ఉన్న రాత్రి ఇది పనికిరాదు, జాడలు చెరిగిపోతాయి. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందు మూడు వేళ్ల గుర్తే పడుతుంది. మేకల మంద రాకముందే, తెల్లవారుజామున పోయి చూశాం. కుందేలు జాడలు, ఓ చోట పాము పాకిన గీత. పట్టీలు మళ్లీ చదును చేసి వచ్చాం.