గ్రూప్-2 ప్రిపరేషన్ మధ్యలో డిప్రెషన్ తిరగబెడితే

బుక్‌లిస్టుల మీద, టైమ్‌టేబుళ్ల మీద చాలామంది రాశారు కాబట్టి నేను వాటి జోలికి పోను. నాకు డిప్రెషన్ ఒకసారి వచ్చి తగ్గింది. డాక్టర్ చెప్పినట్టే మెల్లగా డోస్ తగ్గించుకుంటూ మందులు ఆపేశాను. ఏడాది పైన బాగానే ఉన్నాను. 2024లో, సరిగ్గా పరీక్షకు ముందు, మళ్లీ తిరగబెట్టింది.

ఆ తెలంగాణ గ్రూప్-2 పరీక్ష కథ మీకు తెలిసిందే. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్. 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, మళ్లీ ఆగస్టు అన్నారు. చివరికి డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. వాయిదా కావాలని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రోడ్డెక్కిన వాళ్లలోనూ, వద్దన్న వాళ్లలోనూ నా ఫ్రెండ్స్ ఉన్నారు. ఆ గొడవ ఇక్కడొద్దు.

మనలాంటి వాళ్లకు అసలు చిక్కు ఎక్కడంటే, ఈ జబ్బు లక్షణాలు చూసేవాళ్లకు కష్టపడి చదివేవాడి లక్షణాల్లాగే కనిపిస్తాయి. నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు. స్టడీ హాల్‌లో ఒక తమ్ముడు "ఈసారి జాబ్ నీదే అన్నా" అన్నాడు. పెళ్లిళ్లకు పోకపోతే డెడికేషన్ అన్నారు. తిండి తగ్గితే ఆ నెపం హాస్టల్ కూర మీదకు పోయింది. ఇక చదువు సంగతా! ఆర్టికల్ 356 తెరిస్తే తెరిచిన పేజీ తెరిచినట్టే ఉండేది, గంట గడిచిపోయేది. నానబెట్టిన బట్టలు బకెట్లోనే వాసన కొట్టేవి.

పట్టుకున్నది మా అక్క. మొదటిసారి తగ్గినప్పుడు సైకాలజిస్ట్ నాతో ఒక కాగితం రాయించారు, నాకు ఏది ముందు చెడుతుంది, ఏది తర్వాత చెడుతుంది అని. ముందు నిద్ర, తర్వాత బట్టలు, ఆ తర్వాత ఇంటికి ఫోన్, అన్నిటికంటే చివర్లో మార్కులు. దాని కాపీ అక్క దగ్గర ఉంది. ఫోన్ చేసి సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడగలేదు, "బట్టలు ఉతుక్కున్నవారా?" అంది. ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. టెస్ట్ సిరీస్‌లో మార్కులు పడిపోయేదాకా ఆగితే చాలా ఆలస్యమయ్యేది. మీకూ ఒకసారి వచ్చి ఉంటే, బాగున్న రోజుల్లోనే అలాంటి కాగితం రాసి నమ్మకమైన ఒక్కరికి ఇవ్వండి.

గ్రాండ్ టెస్ట్ పోయి రెండు రోజులు దిగులుగా ఉంటే అది జబ్బు కాదు. దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో, రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాల పాటు ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఒకసారి వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ రావచ్చని మా డాక్టర్ అన్నారు. అది విన్నాక నాకు భయం పెరగలేదు, సిగ్గు తగ్గింది.

మందు మళ్లీ మొదలైంది. పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆలోపు కొత్త టాపిక్ ముట్టుకోవద్దన్నారు. పేపర్-4 తెలంగాణ ఉద్యమ చరిత్రలో పాత నోట్స్, పాత బిట్లు, పొద్దున కాస్త నడక, అంతే. పక్కవాడు ఎకానమీ రెండో రివిజన్‌లో ఉంటే నేను 1969 ఉద్యమం బిట్లే తిరగేస్తూ కూర్చున్నాను. కడుపు మండింది, అబద్ధమెందుకు.

మగతగా ఉంటుందని పరీక్ష ముందు మందులు ఆపేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం జరుగుతుంది. డాక్టర్‌కి చెబితే వేసుకునే టైమ్ మారుస్తారు, లేదా మందే మారుస్తారు.

డబ్బులు లేవనుకుంటే గవర్నమెంట్ ఆసుపత్రి ఓపీ ఉంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే మనవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. మానసిక సమస్యలకు గవర్నమెంట్ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం గదిలో ఒంటరిగా ఉండకండి, ఎంత రాత్రయినా పక్కవాణ్ని లేపి చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

నాలుగు పేపర్లూ రాశాను. ఉద్యోగం వస్తే అన్నీ సర్దుకుంటాయి కదా అని నాన్న డాక్టర్‌ని అడిగితే, "ఉద్యోగం సంగతి వేరు, ఇది వేరు. ఉద్యోగం వచ్చినా మందు నడవాలి" అన్నారాయన. నడుస్తోంది.