కొలిమిలో లోహం, సెరామిక్: నా అనుభవం

ప్రయోగశాలలో నాకు మొదట అప్పగించినది నికెల్ మిశ్రలోహపు క్రీప్ పరీక్ష. అంటే వేడిలో బరువు మోస్తూ లోహం గంటగంటకూ ఎంత సాగుతుందో కొలవడం. బరువు వేలాడదీయడం తేలికే, ఉష్ణోగ్రతను పట్టి ఉంచడమే కష్టం. కొలిమి తెర మీద 850 డిగ్రీలు కనిపించినా అది కొలిమి సంగతే, నమూనా సంగతి కాదు. అందుకే థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) మొనలను నమూనా సన్నటి భాగానికి పైన, మధ్యలో, కింద ఆనించి కడతాం. కొలిమి తీగల కాక నేరుగా తగలకుండా మొనను కప్పకపోతే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

మూడు చోట్లా తేడా రెండు డిగ్రీలు దాటకూడదన్నారు. చాదస్తమనుకుని, ఉష్ణోగ్రతనూ తెగడానికి పట్టే కాలాన్నీ ముడిపెట్టే లార్సన్-మిల్లర్ సూత్రంతో లెక్క వేశాను. స్థిరాంకం 20గా తీసుకుంటే, 850 దగ్గర 100 గంటలు నిలిచే నమూనా అదే బరువుకు 860 దగ్గర సుమారు 64 గంటలకే తెగుతుంది! ఆ తర్వాత నోరెత్తలేదు.

ఇక మిగిలింది ఎదురుచూపు. సాగుదల మొదట వేగంగా, తర్వాత నిలకడగా ఉంటుంది. చివర్లో మళ్లీ ఊపందుకుంటే తెగే ఘడియ దగ్గరపడినట్టే.

సెరామిక్ అలాంటి కబురేమీ పంపదు, టప్పున విరుగుతుంది. వంపు పరీక్షకు 3 మిల్లీమీటర్ల మందం, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కడ్డీలు కోయించాం. అంచుల పదును తీయించాలి, లేదంటే మనం కొలిచేది కోతలో పడిన గాట్లనే. నికెల్ 1455 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, అంతకుమించిన వేడిలో కడ్డీని మోసే ఆధారాలు సిలికాన్ కార్బైడ్‌వి పెట్టాం.

ఒకే బ్యాచ్ కడ్డీలైనా ఒక్కొక్కటి ఒక్కో బరువుకు విరుగుతాయి. దేనిలో ఎంత పెద్ద లోపం ఎక్కడ దాగి ఉందన్నదాన్ని బట్టి ఉంటుందది. అందుకే 30 కడ్డీల దాకా విరిచి వైబుల్ మాడ్యులస్ అనే అంకె లెక్కకడతాం. అది ఎంత ఎక్కువైతే బలాల మధ్య చెదురు అంత తక్కువ.

నాకు బాగా నచ్చిన పని, కొలిమి చల్లారాక ముక్కలు ఏరడం. భూతద్దం కింద విరిగిన ముఖం మీద చాలాసార్లు ఒక నున్నటి చిన్న వలయం, దాని చుట్టూ గరుకు చారలు కనిపిస్తాయి. చారలన్నీ వెనక్కి వలయం మధ్యకే దారి చూపుతాయి. పగులు పుట్టింది అక్కడే: ఒక రంధ్రమో, అతిగా పెరిగిన రేణువో.

సగటు బలం కాస్త తక్కువైనా మాడ్యులస్ ఎక్కువున్న బ్యాచ్‌కే నా ఓటు. దీని మీద సహోద్యోగులతో వాదన ఇంకా తెగలేదు.