పట్టాల మీద పెట్టిన బిళ్ళ

ఎల్ఐసీ బాండు కోసం పొద్దున్నే బీరువా పై అర అంతా దించాను. బాండు దొరకలేదు. నాన్న రేకు డబ్బాలో మాత్రం అప్పడంలా పలచబడ్డ అయిదు పైసల బిళ్ళ దొరికింది.

సామర్లకోట రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పటిది. పట్టాల మీద బిళ్ళ పెట్టి, గూడ్సు వెళ్ళేదాకా తమ్ముడూ నేనూ తుమ్మచెట్టు వెనక నక్కేవాళ్ళం. వెంటనే తీయబోతే వేళ్ళు చురుక్కుమనేవి. అమ్మకి తెలిసిన రోజు వీపు చురుక్కుమంది.

దాన్ని చేతిలో తిప్పుతుంటే మాంట్రియల్ వాళ్ళు గుర్తొచ్చారు. గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్ అనే కెనడా సంగీత బ్యాండు. వాళ్ళ తొలి ఎల్పీ (ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డు) 'ఎఫ్ షార్ప్ ఏ షార్ప్ ఇన్ఫినిటీ' 1997లో కాన్‌స్టెలేషన్ అనే చిన్న రికార్డు కంపెనీ ద్వారా వచ్చింది. మొదటి విడత 500 కాపీలు. ప్రతి అట్టలోనూ రైలు కింద నలిగిన ఒక సెంటు నాణెం పెట్టారు! మేం పెట్టినవాటిలో సగం ఎగిరి కంకరలో పడిపోయేవి. వాళ్ళెన్ని పోగొట్టుకున్నారో.

అసలు మొదటి రికార్డింగు అది కాదు. 1994లో ఎఫ్రిమ్ మెనక్, మైక్ మోయా, మౌరో పెజెంటే బ్యాండు మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఓ క్యాసెట్ వచ్చింది, 33 కాపీలు. మనం శుభలేఖలైనా అంతకంటే ఎక్కువ వేయిస్తాం. అలాంటి క్యాసెట్ అసలు ఉందా అని జనం ఏళ్ళ తరబడి అనుమానపడ్డారు. 2022లో బ్యాండే దాన్ని నెట్‌లో పెట్టింది. విన్నాను. గరగర, గొణుగుడు. నాకెక్కలేదు.

ఎల్పీ అలా కాదు. అప్పటికి గిటార్ల పక్కన వయొలిన్, చెల్లో (గొంతు బరువుగా ఉండే పెద్ద వయొలిన్ లాంటిది), ఇద్దరు డ్రమ్మర్లు చేరారు. మైల్ ఎండ్ పేటలో వాళ్ళే నడుపుకునే హోటల్2ట్యాంగో అనే స్టూడియోలో రికార్డు చేసుకున్నారు. చెల్లో లేచినప్పుడల్లా దూరంగా గూడ్సు మలుపు తిరుగుతున్నట్టే ఉంటుంది నాకు. (క్వార్టర్స్ బుద్ధి.) రికార్డు రెండోవైపు చివర ముల్లు నడిచే గాడిని వలయంలా మూసేశారు. మనం లేచి ముల్లు ఎత్తేదాకా అదే ముక్క తిరుగుతూ ఉంటుంది. పేరులోని ఇన్ఫినిటీ అదే. నేను విన్నది ఫోన్లో కాబట్టి, పప్పు కుక్కర్ మూడో కూత వేసేసరికి దానంతటదే ఆగిపోయింది.

సాయంత్రం బిళ్ళ ఫోటో తమ్ముడికి పంపాను. నిమిషంలో జవాబు: "అక్కా, అది నాది. నీది కంకరలో పోయింది, ఆ రోజు ఏడ్చావు కూడా."